విషమని చెప్పి, ఆపొద్దన్నాను

2023 వానాకాలం. నాచారంలో మా క్లినిక్ ఉన్న సందులో పైపుల కోసం తవ్వి వదిలేసిన గుంత నిండా నీళ్లు. లోపలికి రావాలంటే దాని మీద అడ్డంగా వేసిన చెక్క మీద నడవాలి. ఆయాసంతో వచ్చేవాళ్లు ఆ చెక్క దాటి కుర్చీలో కూలబడి, ఐదు నిమిషాలు రొప్పి, అప్పుడు పేరు చెప్పేవాళ్లు. ఆఫీసులకు ఫోన్లు చేసి చేసి నా గొంతు పోయింది గానీ గుంత మాత్రం పోలేదు.

నేను ఆయుర్వేద డాక్టర్ని. బీఏఎంఎస్ చదివాను. అంటే మనిషి శరీరం, రోగం, మందు అన్నీ కాలేజీలో కూర్చుని, శవాన్ని కోసి, పరీక్షలు రాసి నేర్చుకున్నదాన్ని. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, పాతికేళ్లుగా ఇదే సందులో కూర్చున్నా "మీరు అసలు డాక్టరేనా, పసరు మందుల అమ్మనా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. నా నోరు కాస్త దురుసు. "పసరు కాదు, నీ ప్రాణం గురించి మాట్లాడదాం, కూర్చో" అంటాను. కొందరు కూర్చుంటారు, కొందరు లేచిపోతారు.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఊపిరి కేసులే. ఎందుకు రావు? ఒక పక్క నాచారం ఫ్యాక్టరీలు, ఇంకో పక్క చర్లపల్లి, ఉప్పల్ చౌరస్తా నుంచి నారపల్లి దాకా రోడ్డు పనుల దుమ్ము. ఆస్తమాను మా శాస్త్రం తమక శ్వాస అంటుంది. పేరు ఏదైనా జరిగేది ఒకటే. గాలి పోయే గొట్టాలు లోపల వాచి, బిగుసుకుని, జిగురు పట్టి, తీసుకున్న గాలి బయటికి రాక మనిషి ముందుకు వంగి కూర్చుని లాగుతుంటాడు. కూర్చుంటే కాస్త నయం, పడుకుంటే ప్రాణం మీదికి వస్తుంది అని మా గ్రంథాల్లో ఉంది. ఉప్పల్‌లోని ఛాతీ డాక్టరూ అదే చెబుతాడు. రోగం దగ్గర మాకు గొడవ లేదు. గొడవంతా మందు దగ్గరే.

నా పద్ధతి చెబుతాను. ఆయాసం లేచినప్పుడు ఇన్‌హేలర్. అది మందును నేరుగా గొట్టాల్లోకి పంపే పీల్చుడు డబ్బా. అంత వేగంగా పనిచేసే కషాయం నా దగ్గర లేదు, ఉందని చెప్పేవాడు అబద్ధాలకోరు. రోజూ పీల్చమన్న మందు రోజూ పీల్చాలి. దానికి తోడుగా కఫం తేలికపడటానికి అడ్డసరం కషాయం, ఛాతీకి ఉప్పు కలిపిన నువ్వుల నూనె రుద్ది కాపడం, అరుగుదల సరిచేసే తిండి. ఇన్‌హేలర్ మానమని ఒక్క రోగికి కూడా చెప్పలేదు. ఈ మాట వినగానే సగం మంది ముఖాలు వాడిపోతాయి. "గదే వాడేదుంటే మీ దగ్గరికెందుకొస్తం?" అని మొహం మీదే అంటారు.

మల్లేశం కేసు ఇక్కడి నుంచే మొదలవుతుంది. అతను పారిశ్రామికవాడలో ఒక మసాలా మిల్లులో పనిచేసేవాడు. జనగామ పక్క మనిషి, నలభై దాటాయి. భార్య స్వరూప నాకు ముందు నుంచీ తెలుసు. ఇళ్లలో వంటలు చేసేది, తన మోకాళ్లకు నా దగ్గర తైలం తీసుకుపోయేది. మొగుడికి ఆయాసమని ఎన్నోసార్లు చెప్పింది, తీసుకురమ్మంటే మాత్రం వాయిదా వేసేది. చివరికి ఒక పొద్దున వెంటబెట్టుకుని వచ్చింది. వచ్చింది ఆయాసానికి కాదు, నడుము నొప్పికి.

"ఆయాసం ఎప్పుడో బందయ్యిందమ్మా," అంది గర్వంగా. "సూడున్రి, మొఖం ఎట్ల నిండుగయ్యిందో. మస్తు తింటున్నడు ఇప్పుడు. నడుమే పట్టేస్తున్నది."

నేను అతని ముఖం చూశాను. నిండుగానే ఉంది. గుండ్రంగా, బుగ్గలు ఉబ్బి, ఎర్రగా మెరుస్తూ. మెడ వెనక కొవ్వు గడ్డ కట్టినట్టు లేచింది. పొట్ట ముందుకొచ్చింది, చేతులు, కాళ్లు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. ముంజేతుల మీద ఎక్కడ పడితే అక్కడ కమిలిన నీలం మచ్చలు. చొక్కా ఎత్తమన్నాను. పొట్ట మీద ఊదారంగు చారలు. ఇది బలం కాదు. నెలల తరబడి స్టెరాయిడ్ తిన్న మనిషి ఒళ్లు ఇది. నడుము నొప్పి ఎందుకో కూడా అర్థమైంది. ఆ మందు ఎముకల్ని లోపలి నుంచి గుల్ల చేస్తుంది.

"ఏం మందు తింటున్నవ్ మల్లేశం?"

"ఏం తింటలేనమ్మా."

"ఆయాసం దానంతట అదే పోయిందా?"

"పోయింది."

"నా ముంగట అబద్ధాలాడకు. నీ మొఖమే చెప్తున్నది."

అతను గోడ మీద కేలండర్ చూస్తూ కూర్చున్నాడు. నాకు కోపం నషాళానికెక్కింది. రోగి డాక్టర్ దగ్గర దాచటం అంటే నాకు అసలు పడదు. గొంతు పెంచాను. చివరికి స్వరూపే అతని భుజం మీద చెయ్యి వేసి, "చెప్పరాదయ్యా, డాక్టరమ్మకు చెప్తే ఏం కాదు," అంది.

"చెప్తే మందు గుణం పోతదన్నడు గద ఆయన," అని మల్లేశం గొణిగాడు.

అప్పుడు బయటపడింది. నారపల్లి దాటాక, ప్లాట్ల వెంచర్ పక్కన రేకుల షెడ్డులో ఒక మనిషి ఆదివారాలు ఆయాసానికి పొడి ఇస్తాడు. మిల్లులో తోటి పనివాళ్లు సగం మంది అతని దగ్గరికే పోతారు. పొడి నల్లగా ఉంటుంది, మిరియాల వాసన వేస్తుంది, తేనెతో నాకాలి. అడవి మూలికలని చెబుతాడు. ఒకే ఒక్క పథ్యం: ఈ మందు తింటున్నట్టు ఏ డాక్టరుకూ, ఏ వైద్యుడికీ చెప్పకూడదు. చెబితే పని చేయదు. మన వైపు చెట్ల మందు ఇచ్చేవాళ్లు ఈ మాట ఎప్పటి నుంచో చెబుతారు. పాతకాలంలో అది మూలిక పేరు బయటపడకుండా చెప్పిన మాట. వీడు మాత్రం తన మోసం బయటపడకుండా దాన్ని వాడుకున్నాడు. మల్లేశం ఏడాదికి పైగా ఆ పొడి నాకాడు. మూడో రోజుకే ఆయాసం పోయిందట. ఇన్‌హేలర్ మోరీలో పారేశాడట.

"చూర్ణం మూడు రోజుల్లో ఆయాసం మాయం చేస్తే అందరికంటే ముందు నాకే అనుమానం రావాలె," అన్నాను. "మూలికలకు అంత తొందరుండదు. వాడు ఇంగ్లీషు మాత్రలు నూరి దాంట్ల కలుపుతున్నడు. స్టెరాయిడ్. అది డాక్టరు చేతిల మందు, వాని చేతిల విషం. నువ్వు తిన్నది విషం మల్లేశం."

అతని ముఖం పాలిపోయింది. "అయితే ఇయ్యాలనే పారేస్త," అని లేచాడు.

"కూర్చో! అదొక్కటి చెయ్యకు. ఇయ్యాల ఆపొద్దు."

మొగుడూ పెళ్లాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అదేందమ్మా," అంది స్వరూప, "విషమంటిరి, మళ్ల తినమంటిరి?"

అడిగిన దాంట్లో తప్పు లేదు. ఎవరికైనా వింతగానే ఉంటుంది. మన మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులుంటాయి. ఒంటికి కావలసినంత స్టెరాయిడ్‌ని రోజూ అవే తయారు చేస్తాయి. బయటి నుంచి నెలల తరబడి వచ్చిపడుతుంటే అవి పని మానేసి నిద్రపోతాయి. బయటిది ఒక్కసారిగా ఆపితే లోపల చేసే దిక్కుండదు. బీపీ పడిపోతుంది, వాంతులవుతాయి, ఏ జ్వరమో తోడైతే మనిషే పోతాడు. అందుకే కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. దాన్ని టేపరింగ్ అంటారు.

స్వరూపకు ఆమె వంట భాషలో చెప్పాను. "ఒకింట్ల ఏడాది పొడుగునా హోటల్ అన్నమే తెప్పించుకున్నరనుకో. వంటామె పొయ్యి ఆర్పి ఊరికి పోయింది. ఇయ్యాల హోటల్ బందు పెడితే ఏమైతది?"

"పస్తులుంటరు."

"అంతే. వంటామె తిరిగొచ్చేదాక హోటల్ అన్నం కొంచెం కొంచెం తగ్గించుకుంట రావాలె. మీ ఆయన ఒంట్ల కూడా గంతే. పొడిల ఎంత కలిపిండో మనకు తెల్వదు. డాక్టరు దగ్గరికి పోయి, లెక్క తెలిసిన మాత్ర పెట్టించి, అప్పుడు పొడి పారేద్దాం. అదే మందు, కాని లెక్క మన చేతిల ఉంటది."

ఆ రోజే క్లినిక్ మూసి ఇద్దరినీ ఉప్పల్ తీసుకుపోయాను. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఛాతీ డాక్టరు రవి నాకు తెలుసు. గుంటూరు మనిషి, నాకంటే చాలా చిన్న. పనిమంతుడే, కానీ బయట కుర్చీల్లో ఎప్పుడూ పెళ్లి భోజనాల బంతిలా జనం. ఒక్కో రోగికి ఆయన ఇచ్చేది రెండు నిమిషాలు. మల్లేశాన్ని చూడగానే అర్థం చేసుకున్నాడు. స్పైరోమెట్రీ చేయించాడు. గొట్టంలోకి గట్టిగా ఊదించి, ఊపిరితిత్తుల్లోంచి గాలి ఎంత వేగంగా బయటికొస్తుందో కొలిచే పరీక్ష అది. ఇంత స్టెరాయిడ్ తింటున్నా గొట్టాలు పూర్తిగా తెరుచుకోలేదు. షుగర్ కూడా వచ్చింది.

"చూశారా మేడమ్, మీ ఆయుర్వేదం పేరు చెప్పి ఏం తినిపిస్తున్నారో," అన్నాడు రవి, నవ్వుతూనే.

"పొడిలో ఉన్న మందు మీదేనండీ. పేరొక్కటే మాది. మీ మందు మా పేరుతో అమ్ముకుంటున్నాడు. ఇద్దరికీ సిగ్గే," అన్నాను. ఆయన నవ్వు ఆపేశాడు.

స్టెరాయిడ్ మాత్రలు రాశాడు. వారం వారం ఎట్లా తగ్గించాలో చెప్పాడు, ఇన్‌హేలర్ పీల్చే తీరు చూపించాడు, షుగర్‌కు మాత్ర రాశాడు. "జ్వరమొచ్చినా, వాంతులొచ్చినా వెంటనే రావాలి. మాత్ర మాత్రం సొంతంగా ఆపకూడదు. అర్థమైందా?" అన్నాడు. "అర్థమైంది సార్," అన్నారిద్దరూ. అర్థమైందా అని అడిగితే మనవాళ్లు ఎప్పుడూ అర్థమైందనే అంటారు. డాక్టరు ముందు అర్థం కాలేదనటం మర్యాద కాదు మరి. అప్పటికే తర్వాతి రోగి తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు.

ఆ సంగతి తెలిసే క్లినిక్‌కు తిరిగొచ్చాక స్వరూపను మళ్లీ కూర్చోబెట్టాను. ఏ మాత్ర ఎప్పుడో ఆమె చేతనే చెప్పించాను. కషాయం తోడుగా ఇమ్మని ఆమే అడిగింది. అడ్డసరం కషాయం, ఛాతీకి నూనె ఇచ్చాను. అప్పుడు అడిగింది.

"ఇంగ్లీషు మందు మీద మీ మందు పడితే కొట్టుకోవా అమ్మా?"

మన దగ్గర అందరి తలలో ఉండే మాటే ఇది. రెండు మందులు కడుపులో కొట్టుకుంటాయట. ఒకటి మొదలుపెడితే ఇంకొకటి ఆపాలట. కొత్త వైద్యుడి దగ్గరికి పోయి పాత వైద్యుడి మందు తింటే కొత్తాయన్ని అవమానించినట్టట.

"కొట్టుకోవు. నా కషాయం మర్చిపోయినా ఫికర్ లేదు. మాత్ర మర్చిపోతే మనిషి పోతడు. ఏది ముఖ్యం?"

"మాత్ర."

"మళ్ల చెప్పు."

"మాత్రనే ముఖ్యం అమ్మా," అని నవ్వింది. ఇంటికి పోయి పొడి పొట్లాలన్నీ కవరులో తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లింది.

మొదట్లో అంతా బాగానే నడిచింది. మల్లేశం ఒకసారి వచ్చి బీపీ చూపించుకున్నాడు. ముఖం కాస్త దిగింది. మిల్లులో గ్రైండింగు నుంచి ప్యాకింగుకు మార్చమని అడుగుతున్నాడట. ఆ తర్వాత రాలేదు. స్వరూప మాత్రం కషాయం అయిపోగానే వచ్చి తీసుకుపోయింది. ఎట్లున్నాడంటే "మంచిగున్నడమ్మా, మీ మందు పనిచేస్తున్నది," అంది. మాత్రలు వేస్తున్నాడా అంటే "ఆఁ, ఏస్తున్నడు," అంది. నా కళ్లలోకి చూసే అంది.

ఒక పొద్దున వాళ్ల పక్కింటామె ఫోన్ చేసింది. మల్లేశం లేవలేకపోతున్నాడని, స్వరూప నన్ను రమ్మంటోందని. వాళ్లుండేది రెండు సందుల అవతలే. పోయేసరికి అతను మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. పెదవులు ఎండిపోయాయి, ఒళ్లంతా చల్లటి చెమట, మాట నూతిలోంచి వచ్చినట్టుంది. ఛాతీలో పిల్లికూతలు. బీపీ పట్టీ చుడితే నాకు దాదాపు ఏమీ అందలేదు. రెండు రోజులుగా జ్వరం, వాంతులట.

"ముందే ఎందుకు చెప్పలే? మాత్రలేవి?"

స్వరూప మంచం పక్కనే నిలబడి చెప్పింది. "మాత్రలు బందు వెట్టినమమ్మా. మెడికల్ షాపాయన సూసి, గివి స్టెరాయిడ్, కిడ్నీలు పోతయ్ అన్నడు. మీరు గూడ స్టెరాయిడే విషమంటిరి గద. మీ కషాయంతోని మంచిగనే ఉండె. మీ మందుకు సైడ్ ఎఫెక్టులుండయ్. రెండు కొట్టుకుంటయని గవి ఆపి, గిదే ఎక్కువ తాగిచ్చిన."

"వాంతులయితుంటే?"

"లోపలి విషం బయటికి పోతున్నదనుకున్న."

వాంతి చేయించి దోషాన్ని పంపే చికిత్స మా శాస్త్రంలో ఉంది. నిపుణుడి చేతిలో, బలమున్న రోగికి, లెక్క ప్రకారం చేసేది. అది టీవీల్లో, ఫోన్లలో పడి, నానా చేతులు మారి, 'విషం బయటికి పోవటం' అనే మాటగా ఈ ఇంటికి చేరింది. బతకాల్సిన మనిషి వాంతులు చేసుకుంటుంటే, అతన్ని ప్రాణంలా చూసుకునే పెళ్లాం ఆ వాంతి గిన్నె ఎత్తిపోస్తూ మంచి జరుగుతోందని సంతోషపడింది. అంతకంటే అన్యాయం ఏముంటుంది చెప్పండి?

అంబులెన్సులో ఉప్పల్ తీసుకుపోయాం. దారిలోనే రవికి ఫోన్ చేసి, స్టెరాయిడ్ ఆపేశారు, బీపీ పడిపోయి షాక్‌లో ఉన్నాడు అని చెప్పాను. ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇంజెక్షన్ ఇచ్చాడు, సెలైన్లు పెట్టాడు, వెంటిలేటర్ మీద వేశాడు. చేయాల్సిందంతా చేశాడు. ఆయన్ని ఏమీ అనటానికి లేదు. జ్వరం అప్పటికే ఊపిరితిత్తుల్లోకి దిగింది. మల్లేశం మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

ఐసీయూ బయట వరండాలో రవి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "బతకాల్సిన కేసు మేడమ్. మీరు ఆ కషాయం ఇవ్వకపోతే ఆ మాత్రలు ఆపేవాళ్లు కాదు. ఇంకో మందు చేతిలో ఉంది కాబట్టే ఆపారు."

"మీరు రెండు నిమిషాల బదులు పది నిమిషాలు మాట్లాడినా ఆపేవాళ్లు కాదు. మెడికల్ షాపు అతను చెప్పింది నమ్మారంటే, వాడికి మాట్లాడే టైముంది కాబట్టి నమ్మారు."

ఇద్దరం ఇంకా ఏవేవో అనుకున్నాం. ఇద్దరిదీ నిజమే, ఇద్దరిదీ ఏడుపే. పొడి ఇచ్చినవాడు అక్కడ లేడు. స్టెరాయిడ్ విషమని ఒక్క ముక్క విసిరి తన పనిలో తాను పడ్డ మెడికల్ షాపు మనిషీ లేడు. ఉన్నది మేమిద్దరమే కాబట్టి ఒకరినొకరం పీక్కున్నాం. తర్వాత ఆ పొడి పొట్లాలు పట్టుకుని సంబంధిత ఆఫీసుల చుట్టూ తిరిగాను. షెడ్డు మూతపడింది. కొన్నాళ్లకు అదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకు, ఇంకా పెద్ద బోర్డుతో తెరుచుకుంది. ఈసారి బోర్డు మీద ఆకుల బొమ్మలు కూడా వేయించాడు.

దినాల నాడు స్వరూప ఇంటికి పోయాను. ఇంటి ముందు షామియానా కింద ఊరివాళ్లు, మిల్లువాళ్లు కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే స్వరూప లేచొచ్చి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

"ఈ అమ్మ మంచి మందే ఇచ్చింది," అంది అందరితో, ఏడుస్తూ. "ఈ అమ్మ మందుతోని లేచి తిరిగిండు. ఆ ఇంగ్లీషు మాత్రలే లోపల ముంచినయ్. ఉప్పల్ దవాఖానకు తీస్కపోయినంక ఒక్క రోజు గూడ బతుకలే."

అందరూ తలలూపారు. మిల్లువాళ్లు నాకు కుర్చీ వేశారు. నిజం నా నోటి దాకా వచ్చింది. మొగుడు పోయి పదిరోజులే అయిన ఆడమనిషికి, చుట్టాలందరి మధ్య, నువ్వు ఆపిన మాత్రల వల్లే పోయాడు అని చెప్పమంటారా? నేను చెప్పలేదు. అది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ కుర్చీలో కూర్చున్న కాసేపు నా ఒళ్లు నాకే కంపరమెత్తింది.

ఆ నెల నుంచి నా క్లినిక్‌కు జనం పెరిగారు. మల్లేశానికి మందిచ్చిన అమ్మ మీరేనా అంటూ మిల్లు నుంచి, చర్లపల్లి నుంచి వచ్చేవాళ్లు. చచ్చిపోయిన రోగి పేరు చెప్పుకుని డాక్టర్ దగ్గరికి రావటం నేను ఎక్కడా వినలేదు. వచ్చినవాళ్లు ఇంగ్లీషు మందు మానేసి వచ్చామని గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఒక్కొక్కరినీ తిట్టి, మళ్లీ ఇన్‌హేలర్ పట్టించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది.

చలికాలం మొదట్లో స్వరూప కూతురు శిరీషను తీసుకొచ్చింది. ఇంటర్ చదువుతోంది పిల్ల. తండ్రి పోలికే, తండ్రి జబ్బే. భుజాలు పైకెత్తి, మాటకు మాటకు మధ్య గాలి మింగుతోంది. పిల్లికూతలు గుమ్మం దాకా వినిపిస్తున్నాయి. కాలేజీ పక్కన ఎవరో డాక్టరు ఇన్‌హేలర్ రాశాడట. తల్లి వాడనివ్వలేదట.

"మీ కషాయమే ఇయ్యున్రమ్మా. వాళ్ల నాయన పోయిన కానించి మాకు ఇంగ్లీషు మందుల మీద నమ్మకం పోయింది. మీ మీదనే నమ్మకం."

ముందు పిల్లకు నా డ్రాయరులో ఉన్న ఇన్‌హేలర్‌ను స్పేసర్ పెట్టి పట్టించాను. స్పేసర్ అంటే మందు గాల్లో పోకుండా పట్టి ఉంచే సీసాలాంటి గొట్టం. కాసేపటికి భుజాలు దిగాయి. మాట తేలికైంది. పిల్లను బయట గదిలో కూర్చోమన్నాను. తలుపు మూశాను. ఇక తప్పదనుకున్నాను.

"స్వరూపా, ఒక మాట చెప్తా. నన్ను తిట్టు, ఏమన్న అను. విను మాత్రం. మీ ఆయన ఇంగ్లీషు మాత్రలతోని పోలే. అవి ఆపినందుకు పోయిండు. నా కషాయం ఆయన్ని బతికించలే. అది బతికించే మందు కాదు. ఆ మాత్రలు ఏసుకుంట ఉంటే ఇయ్యాల ఇంట్ల ఉంటుండె."

ఆమెకు అర్థం కాలేదేమో, మళ్లీ చెబుదామనుకున్నాను. అర్థమైందని ఆమె చేతులు చెప్పాయి. ఒళ్లో ఉన్న కొంగును మెలిపెడుతూనే ఉన్నాయి.

"అంటే నేనే సంపుకున్ననా అమ్మా?"

"నువ్వు కాదు. వాడు పొడి ఇచ్చిండు. షాపాయన భయపెట్టిండు. మేము సరిగ్గ చెప్పలేకపోయినం."

"మీరు చెప్పిన్రు," అంది. గొంతులో తడి లేదు. "మాత్రనే ముఖ్యమని నాతోని చెప్పిచ్చిన్రు గూడ. నేనే ఆపిన. గా వాంతులు నా చేతులతోని ఎత్తిపోసిన. మంచిగైతున్నదని దేవునికి కొబ్బరికాయ గూడ కొట్టిన."

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి ఎత్తింది.

"మరి దినాల నాడు ఎందుకు చెప్పలేదమ్మా? అందరి ముంగట మీకు దండం వెట్టిన గద. ఉప్పల్ సారును నోటికొచ్చినట్టు తిట్టిన. మీరు కుర్చిల కూసోని ఇన్నరు."

ఆమె లేచి తలుపు తీసింది. "గది చేతిలకు తీస్కో," అని ఇన్‌హేలర్ కూతురి చేతిలో పెట్టింది. "పొద్దుగాల ఉప్పల్ సారు దగ్గరికి పోదాం."

శిరీష ఇప్పుడు బాగుంది. రవి దగ్గరే చూపించుకుంటోందని, ఒక్క రోజు కూడా మందు తప్పటం లేదని ఆయనే చెప్పాడు. స్వరూప ఆయన కాళ్లు పట్టుకుని ఏడ్చిందట. నా దగ్గరికి మళ్లీ రాలేదు. మోకాళ్ల నొప్పులకు తైలం ఎక్కడ తీసుకుంటోందో తెలియదు. ఉప్పల్ కూరగాయల మార్కెట్లో ఒకసారి ఎదురైంది. నన్ను చూసి, బేరమాడుతున్న టమాటాలు అక్కడే వదిలేసి పక్క వరుసలోకి వెళ్లిపోయింది.

మందును నమ్మనివాళ్లతో నాకెప్పుడూ భయం లేదు. వాళ్లతో పోట్లాడవచ్చు. నన్ను నమ్మినవాళ్లతోనే భయం. ఈ కేసు నాకు నేర్పింది అదొక్కటే. ఇప్పుడు కొత్త రోగి ఎవరొచ్చినా ఒంట్లో ఎట్లుందని తర్వాత అడుగుతాను. ముందు అడిగేది ఇది: "నా మీద నమ్మకంతోని ఏ మందు బందు వెట్టి వచ్చినవ్?" చాలామంది నవ్వుతారు. కొందరు మాత్రం తల దించుకుంటారు. అప్పుడు తలుపు మూసి, బయట ఎంతమంది ఉన్నా సరే, వాళ్లకు మల్లేశం సంగతి మొత్తం చెబుతాను. ఎవరు ఆపారో మాత్రం చెప్పను.